బిడ్డల పేర పత్రము వ్రాయుడు: పంచాయతి అభ్యర్థులకును, ఓటరులైన రైతులకును విన్నపము

మన సహకార సంఘమునకు ఒక సభ్యుడు పంట అప్పు కోరి వచ్చినచో మనమేమి చేయుదుము? అతని పేర భూమి ఎంత యున్నదో చూతుము. పాసు పుస్తకము తెప్పింతుము. వేయబోవు పైరేదో, అది ఎన్నడు చేతికి వచ్చునో అడుగుదుము. జామీను అడుగుదుము. వాయిదా తేది వ్రాయించి, సంతకము చేయించి, పత్రమును ఇనుపపెట్టెలో భద్రపరచుదుము. అతడు మన పొరుగువాడే, మంచివాడే. అయినను పత్రము లేనిదే పైకము చేతి కీయము. ఇందుకు ఎవ్వరును నొచ్చుకొనరు. ఇది సంఘ మర్యాద యని అందరును ఎరుగుదురు.

అట్టి మనమే ఐదేండ్ల కొకమారు అంతకంటె పెద్ద అప్పును ఏ పత్రమును లేకయే ఇచ్చివేయుచున్నాము. అది మన ఓటు. ఊరి నీరు, ఊరి వీధి, ఊరి బడి, ఊరి సొమ్ము, వీనినెల్ల ఆ ఒక్క ముద్రతో మరియొకరి చేతిలో పెట్టుచున్నాము. ఆంధ్రప్రదేశమున గ్రామ పంచాయతులకు 2021వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఎన్నికలు జరిగినవి. పంచాయతి గడువు ఐదేండ్లు. కావున అభ్యర్థులు మరల మన గడపలు త్రొక్కు కాలము వచ్చినది. వచ్చినవారు మామా, అన్నా, పెద్దనాయనా యని వరుసలు కలుపుదురు. సిమెంటు వీధులు, దీపస్తంభములు, గుడి ప్రాకారము, శ్మశానమునకు బాట, వీనినెల్ల వాగ్దానము చేయుదురు. ఇవి వలదని మేమనము. కాని మేము పనిమీద తిరిగిన గ్రామములలో వినిన ఎన్నికల ప్రసంగములలో, ఈ ఊరి బిడ్డల బరువెంత, బడి మానినవారెందరు అని అడిగిన అభ్యర్థిని ఒక్కనినైన చూచి యెరుగము. కారణము దాచనేల? బిడ్డలకు ఓటు లేదు. 1988వ సంవత్సరపు 61వ రాజ్యాంగ సవరణచే ఓటు వయస్సు 21 నుండి 18 ఏండ్లకు దిగినది. అంతకు చిన్నవారి మాట చెప్పవలసినవారము మనమే. మనము చెప్పనిచో ఎన్నికల సందడిలో ఆ మాట వినబడదు.

మా విన్నపము ఏ పక్షమునకును అనుకూలమైనది కాదు, ప్రతికూలమైనదియు కాదు. గ్రామ పంచాయతి ఎన్నికలు పార్టీ గుర్తులపై జరుగునవియు కావు. మేము కోరునది ఒక్కటే. ఓటు అడుగు ప్రతి అభ్యర్థియు ఊరి బిడ్డల విషయమై తానేమి చేయునో, ఎన్నటిలోగా చేయునో కాగితముపై వ్రాసి సంతకము చేయవలెను. ఆ కాగితమును మనము అప్పు పత్రమువలెనే దాచి, వాయిదాకు వసూలు చేయవలెను.

వ్రాసినంత మాత్రముననే అంతయు అగునని మేము భ్రమపడుట లేదు. వసూలు చేయువాడు లేని పత్రము ఏమగునో మన దేశ చరిత్రయే చెప్పుచున్నది. 1950 జనవరి 26వ తేదిన అమలులోనికి వచ్చిన రాజ్యాంగమున 45వ అధికరణము, పదునాలుగేండ్లు నిండువరకు బిడ్డలకెల్ల ఉచిత నిర్బంధ విద్య నిచ్చుటకు పదేండ్లలోపల యత్నింపవలెనని ప్రభుత్వమునకు నిర్దేశించెను. లెక్కకు వాయిదా 1960. కాని అది ఆదేశిక సూత్రమే గాని న్యాయస్థానమున అడిగి పుచ్చుకొనదగిన హక్కు కాదు. 2002లో 86వ సవరణ దానిని హక్కుగా చేసెను. 2009లో చట్టము వచ్చెను. ఆ చట్టము 2010 ఏప్రిలు 1వ తేదిన అమలైనది. వాయిదా దాటి ఏబదియేండ్లు! ఆ నడుమ బడి మొగము చూడక పెరిగి, మన సంఘములలో వ్రేలిముద్ర వేసి అప్పు పుచ్చుకొనిన రైతులెందరో పాత పద్దు పుస్తకములు తిరుగవేసినచో తెలియును. ఆ ముద్రలన్నియు నాడు వసూలు చేయక విడిచిన బాకీకి గురుతులే.

పైరు సంగతి చెప్పవలసిన వ్యవసాయ ప్రదర్శకులకు బిడ్డల ఊసేల యని కొందరడుగవచ్చును. మా పనియే మాచేత ఈ మాట పలికించుచున్నది. వరి రైతు నారుమడిని ఎట్లు కాపాడునో మీకు మేము చెప్పనక్కరలేదు. ఎకరములకొలది పొలమునకు చాలిన నారు కొన్ని సెంట్ల నేలలో ఉండును. ఆ కొన్ని సెంట్లకు మంచి ఎరువు, వేళకు తడి, పక్షుల కావలి, అన్నియు అమర్చుదుము. అక్కడ ఆకలిగొని గిడసబారిన నారును తెచ్చి నాటిన పిమ్మట ఎన్ని బస్తాల యూరియా చల్లినను పిలకలు తగినన్ని రావు. బిడ్డకును నారుమడి దినములున్నవి. తల్లి కడుపున పడినది మొదలు రెండేండ్లు నిండువరకు అవి సుమారు వేయి దినములు. మెదడును, ఎముకయు వేగముగ పెరుగు ఆ కాలమందు తప్పిన పోషణను తరువాత పూర్తిగ పూడ్చుట మిక్కిలి కష్టమని వైద్యులు చెప్పుదురు.

మన నారుమడి ఎట్లున్నది? 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున ఐదేండ్లలోపు బిడ్డలలో నూటికి 31.2 మంది వయస్సునకు తగిన ఎత్తు లేనివారు. నూటికి 29.6 మంది వయస్సునకు తగిన బరువు లేనివారు. ఆరు నెలలు దాటి ఐదేండ్లలోపున్న వారిలో నూటికి 63.2 మందికి రక్తహీనత యున్నది. తెలంగాణమున ఈ లెక్కలు వరుసగా 33.1, 31.8, 70.0. ఒక రైతు నారుమడిలో మూడవ వంతు నారు గిడసబారినచో అతడా రాత్రి నిద్రపోవునా? తెల్లవారకముందే మా తలుపు తట్టడా? ఇక్కడ మూడవ వంతు బిడ్డలు గిడసబారియుండగా ఊరంతయు నిద్రించుచున్నది.

1975 అక్టోబరు 2వ తేదిన ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము మూలమున నేడు గ్రామ గ్రామమునకును అంగన్‌వాడి వచ్చినది. అక్కడ తూనిక యున్నది, బరువు వ్రాయు పట్టికయున్నది. లేనిది ఊరి కన్ను. బరువుల లెక్క పై కచేరీలకు పోవును గాని ఊరివారి చెవికి తిరిగి రాదు. ఈ కొలతలో రహస్యవిద్య ఏమియు లేదు. ఆరు నెలలు దాటి ఐదేండ్లలోపున్న బిడ్డ భుజమునకును మోచేతికిని నడుమ కొలత పట్టీ చుట్టి చూచినపుడు 11.5 సెంటీమీటర్లకు తక్కువ వచ్చినచో పోషణ లోపము తీవ్రమైనదనియు, 11.5 నుండి 12.5 లోపు వచ్చినచో మధ్యమమనియు లెక్క. చేలో చదరపు మీటరు చట్రము వేసి దుబ్బులు లెక్కించు మనకు ఇది కష్టము కాదు. సర్పంచి చేయవలసినదేమన, ప్రతి గ్రామసభయందును ఈ లెక్కను చదివింపవలెను. బిడ్డల పేర్లు మాత్రము చదువరాదు. పేరు చదివినచో తల్లి సిగ్గుపడి మరునాటినుండి బిడ్డను దాచును. ఊరిలో ఇందరు బిడ్డలున్నారు, ఇందరిని తూచితిమి, ఇందరు తక్కువ బరువువారు, గడచిన సభనాటికంటె ఇందరు తగ్గిరి లేక పెరిగిరి అని చెప్పిన చాలును. వానపాతము చదివినంత మామూలుగ ఈ లెక్క చదువబడవలెను.

బడి భోజనము సంగతి చూతము. 2001 నవంబరు 28వ తేదిన సుప్రీంకోర్టు, ప్రభుత్వ పాఠశాలల ప్రాథమిక తరగతుల బిడ్డలకు వండిన భోజనము పెట్టవలెనని రాష్ట్రముల నాదేశించెను. మన రాష్ట్రమున 2024లో ఈ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గోదావరి లంకల గన్నవరమున వేళగాని వేళ వచ్చిన బాటసారికిని వండి వడ్డించిన ఆ తల్లి పేరు పెట్టుట ఉచితమే. పేరు అంత గొప్పదైనపుడు పప్పు పలుచన కారాదు. ప్రాథమిక తరగతి బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని కేంద్ర ప్రభుత్వపు కొలత. ఇందు సంఘమునకు పని యున్నదని మా అభిప్రాయము. నూరుమంది బిడ్డలున్న బడికి దినమునకు 2 కిలోల పప్పు, 5 కిలోల కూరగాయలు కావలెను. 200 పనిదినములకు 4 క్వింటాళ్ల పప్పు, 10 క్వింటాళ్ల కూరగాయలు. అంత పప్పు రెండు మూడెకరముల మెట్ట కంది పంటలో వచ్చునది. మన సభ్యుల కళ్లములలోని మంచి కందులు దళారి చేతుల మీదుగా దూరము పోవుచుండగా, మన బిడ్డల కంచములోనికి పుచ్చు పప్పు వచ్చుట మనకే అవమానము. ఊరి పంట ఊరి బడికి చేరునట్లు అధికారులతో మాటలాడి ఏర్పాటు చేయుదునని అభ్యర్థి వ్రాయవలెను. సరకు చూచి, తూచి ఇచ్చు భారము సంఘము వహింపవలెను.

అన్నము పెట్టిన చాలదు, అది భద్రమైన అన్నమై యుండవలెను. 2013 జూలై 16వ తేదిన బీహారు రాష్ట్రమున సారణ్ జిల్లాలోని ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది బిడ్డలు మరణించిరి. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలో తేలెను. ఆ మందు పేరు మనకు క్రొత్తది కాదు. ప్రత్తి చేలలో మనము చిరకాలము పిచికారి చేసినదే. ఖాళీ మందు డబ్బాను కడిగి నీళ్లకును, నూనెకును, ఉప్పునకును వాడుకొను ఇండ్లను మేము కన్నులార చూచితిమి. వలదని చెప్పినపుడు, మూడుమార్లు కడిగితిమి సారూ, ఏమి కాదు అన్నవారును గలరు. ఎన్నిమార్లు కడిగినను ఆ డబ్బా వంటయింటికి పనికిరాదు. ఖాళీ డబ్బాలకు రంధ్రములు పొడిచి ఒక్కచోట చేర్చుటకు ఊరిలో స్థలము చూపుటయు, బడి వంటసరకుల గదిలో మరి ఏ వస్తువును ఉంచకుండ చూచుటయు పంచాయతి చేయదగిన పనులు. వీనికి పెద్ద పైకము అక్కరలేదు. నెలకొకమారు పోయి చూచు మనస్సు కావలెను.

ఇక అన్నిటికంటె కష్టమైన మాటకు వచ్చితిమి. ఇది మన చేలలోని మాట. మన సభ్యులలో కొందరికి కోపము తెప్పించు మాట. 1970లో సూరతు పరిశోధన క్షేత్రమునుండి సి.టి. పటేలు గారు వెలువరించిన ఎచ్-4 రకముతో మన దేశమున సంకర ప్రత్తి సేద్యము ప్రారంభమైనది. సంకర విత్తనము చేతిపనితో సిద్ధమగునది. సాయంకాలము ఆడ మొక్క మొగ్గలలోని కేసరములను గిల్లి తీసివేసి, మరునాటి ఉదయము మగ మొక్క పూవులోని పుప్పొడిని ఆ కీలాగ్రమునకు అంటింపవలెను. పూవు పూవునకును ఇట్లే, పూత ఉన్నన్ని వారములును ఇట్లే. కర్నూలు జిల్లాలోను, నాటి మహబూబునగరు జిల్లాలోను విత్తన ప్రత్తి చేలయందు ఈ పనిని బాలికలచే చేయించుట ఏండ్ల తరబడి సాగినది. మొక్క ఎత్తునకు వారి ఎత్తు సరిపోవుననియు, చిన్న వ్రేళ్లు మొగ్గను చితుక నీయవనియు చెప్పెడివారు. అసలు కారణము కూలి తక్కువ యగుటయే.

కొన్ని యేండ్ల క్రిందట మేమొక గ్రామమునకు ఎరువుల మోతాదు చూపుటకై పోతిమి. అది బడి దినము. మేము మడవ ప్రక్క నిలువబడి పొటాషు సంగతి చెప్పుచుండగా, పది పదునొకండేండ్ల బాలిక యొకతె సాలువెంట వచ్చుచు పూవులు లెక్కించుచుండెను. ఏ తరగతి తల్లీ యని అడిగితిమి. "నాలుగు దాకా పోతి సారూ. ఇప్పుడు పోను" అనెను. ఆ రైతు మాకు ఎరిగినవాడు, సజ్జనుడు. "ఈ పూత అయ్యేదాకే సార్, మళ్లీ పంపుతారు వాళ్ల నాయన" అని సర్దిచెప్పెను. ఆ మధ్యాహ్నము మేము వారింటనే భోజనము చేసితిమి. సాయంకాలము మా దినచర్య పుస్తకమున సాళ్ల దూరము, ఎరువుల మోతాదు, వచ్చిన రైతుల సంఖ్య, అన్నియు వ్రాసితిమి. ఆ బాలిక మాట వ్రాయలేదు. అది మా శాఖ పని కాదని మాకు మేమే చెప్పుకొంటిమి. మరుసటి యేడు పోయినపుడు ఆ పిల్ల అదే చేలో నుండెను. కావున ఈ విషయమున అభ్యర్థులను నిందించుటకు ముందు మా తప్పును మేమొప్పుకొనుచున్నాము.

చట్టము లేకపోలేదు. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లలోపు బిడ్డలను ఏ పనిలోనైనను పెట్టరాదని చెప్పుచున్నది. బడి వేళలు కాని వేళల తమ కుటుంబమునకు సాయపడుట మాత్రమే దీనికి ముఖ్యమైన మినహాయింపు. కాని చట్టము చేనిగట్టుమీదికి నడిచి రాదు. ఊరు పిలిచిననే వచ్చును. ఊరు తలచినచో ఏమి జరుగునో రంగారెడ్డి జిల్లాలో చూచితిమి. అక్కడ 1990 తరువాతి సంవత్సరములలో ఎం.వి. ఫౌండేషను వారు, బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలో నున్న బిడ్డయే యను సూత్రముతో పల్లె పల్లె తిరిగి, వయస్సు మీరిన వారికి శిబిరములలో చదువు చెప్పి తగిన తరగతులలో చేర్చిరి. ఆ పనికి నాయకత్వము వహించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించెను. వారి పనిలో మనము గమనింపవలసినదేమన, పంచాయతి సభ్యులను, యువకులను, పిల్లలను పనికి పెట్టుకొనిన రైతులను సైతము వారు శత్రువులుగ చూడక తమతో చేర్చుకొనిరి. బిడ్డ బడిలో నుండుట ఊరి మర్యాదగా మారినది.

పెద్దవారికి పూర్తి కూలి ఇచ్చినచో విత్తన ప్రత్తి గిట్టదని మన రైతు చెప్పు మాట అబద్ధము కాదు. విత్తనమునకు వ్యాపారులు కట్టిన ధర కూలి లెక్కను చూచి కట్టిన ధర కాదు. అయిన దానికి విరుగుడు ధరను అడుగుట గాని బిడ్డను దింపుట కాదు. ఒక్క రైతు అడిగిన వినరు. సంఘము అడిగిన విందురు. అందుకే గదా సంఘము పెట్టుకొంటిమి. బిడ్డల చేతిపని లేని విత్తనము మాది, దానికి తగిన ధర ఇయ్యుడు అని సంఘము తరఫున అడుగుదము. ఆ పోరులో మా ప్రక్కన నిలుతునని సర్పంచి అభ్యర్థి వ్రాసి యిచ్చిన, అది వంద దీపస్తంభములకంటె మేలు.

దీనికి తోడు వలస. కర్నూలు పడమటి మండలములనుండి ఏటేట కుటుంబములు ప్రత్తి తీతకును, మిరపకాయ కోతకును గుంటూరు సీమకు పోవుచున్నవి. తల్లిదండ్రులతో బిడ్డలును పోవుదురు. తిరిగి వచ్చునప్పటికి పాఠములు దాటిపోవును, కొందరి పేర్లును పట్టీనుండి జారిపోవును. మేము చదివిన మిషను బడిలో ఒక ఆచారముండెను. రెండు దినములు రాని పిల్లవాని ఇంటికి మూడవ దినము ఒక ఉపాధ్యాయుడు నడిచి పోవలెను. కోతల కాలమున మా అయ్యవారు సరాసరి చేనికే వచ్చి, మా నాయనతో పది నిమిషములు వాన సంగతి, ధరల సంగతి మాటలాడి, పోవునపుడు మమ్ము వెంటబెట్టుకొని పోయెడివారు. ఆయన ఒక్కమారును గద్దించి యెరుగరు. ఆ పది నిమిషముల నడకయే లేనిచో మేము నేడీ పత్రికకు వ్రాయువారము కాము. ఆ నడకను పంచాయతి తన పనిగా పెట్టుకొనవలెను. వలస పోవు కుటుంబముల జాబితా కోతలకు ముందే వ్రాసి, బిడ్డలు ఊరిలోనే ఉండి చదువుటకు వసతి ఏర్పాటు కావలెనని అధికారులను కోరవలెను. అటు గుంటూరు సీమ పంచాయతులును తమ చేలకు వచ్చిన బిడ్డలను తమ బడిలో కూర్చుండబెట్టవలెను.

మరి మూడు సంగతులు క్లుప్తముగ చెప్పెదము. మొదటిది బాల్యవివాహము. పైని చెప్పిన సర్వేలోనే, ఆంధ్రప్రదేశమున 20 నుండి 24 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 29.3 మందికి పదునెనిమిదేండ్లు నిండకముందే వివాహమైనట్లు తేలినది. దేశమంతటి లెక్క 23.3. కందుకూరి వీరేశలింగము పంతులు గారు పుట్టిన నేలకు ఇది తగునా? రెండవది బోరుబావి. నీరు పడని బోరును మూయక విడిచిన గుంతలలో పడి పసివారు మరణించుట వినుచునే యున్నాము. పనికిరాని బోరును నేల మట్టము వరకు పూడ్చవలెననియు, త్రవ్వునపుడు చుట్టును కంచె వేయవలెననియు సుప్రీంకోర్టు 2010లో ఆదేశించెను. గ్రామములలో దీనిని చూచు బాధ్యతను సర్పంచికిని, వ్యవసాయ శాఖవారికిని అప్పగించెను. అనగా అభ్యర్థికిని, మావంటివారికిని. మూడవది త్రాగునీరు. ఫ్లోరైడు జబ్బు నాటి నెల్లూరు జిల్లాలో 1937లోనే కనుగొనబడినది. పెరుగు బిడ్డ పండ్లను, ఎముకలను అది పట్టును. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. బడి నీటిని, అంగన్‌వాడి నీటిని ఏటేట పరీక్షింపించి ఫలితమును గోడమీద వ్రాయించుటకు అభ్యంతరమేమి?

ఇవన్నియు సర్పంచి చేతిలో నున్నవా యని అడుగువారుందురు. అన్నియు లేవు. ఉపాధ్యాయులను నియమించుట అతని పని కాదు, అది మేమడుగుట లేదు. కాని 1993 ఏప్రిలు 24న అమలైన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతుల కప్పగింపదగిన 29 విషయములున్నవి. వానిలో వ్యవసాయముతో పాటు త్రాగునీరు, విద్య, ఆరోగ్యము, స్త్రీ శిశు అభివృద్ధి యున్నవి. సొమ్ము లేదందురా? 2021-26 సంవత్సరములకు పదునైదవ ఆర్థిక సంఘము గ్రాంటులలో నూటికి 60 వంతులు త్రాగునీటికిని, పారిశుద్ధ్యమునకును కట్టివేసి, 40 వంతులు ఊరి అవసరముల కొరకు విడిచెను. ఆ 40 వంతులలో బిడ్డల భాగమెంత యయ్యెనో మీ ఊరి పద్దు పుస్తకము తీయించి చూడుడు. మరియు మేమడిగినవానిలో సగము పైకముతో కాదు, లెక్క చదువుటతోను, పోయి చూచుటతోను జరుగునవి.

రైతునకు గిట్టుబాటు ధరయు, నీరును లేనిదే బిడ్డల మాట ఎట్లను ప్రశ్నకు మా వద్ద సులభమైన సమాధానము లేదు. ధరకొరకు పోరాడవలసినదే. కాని ధర వచ్చు సంవత్సరము వరకు బిడ్డ పెరుగుట ఆగదు. పంట పోయిన మరుసటి కారునకు మరల విత్తుకొందుము. రెండేండ్ల ప్రాయము పోయిన బిడ్డకు ఆ కారు మరల రాదు.

కావున అభ్యర్థులు సంతకము చేయదగిన పత్రమును దిగువ ముసాయిదాగా వ్రాయుచున్నాము. ఊరి అవసరమునుబట్టి సవరించుకొనవచ్చును.

1. ప్రతి గ్రామసభలో అంగన్‌వాడి బిడ్డల బరువు లెక్కను, బడి హాజరు లెక్కను పేర్లు లేకుండ చదివించెదను.

2. నెలకొకమారు ముందుగ చెప్పక బడి భోజనమును బిడ్డలతో కూర్చుండి తినెదను. వంటగదియు, నీరును భద్రముగ నుండునట్లు మొదటి ఆరు నెలలలో ఏర్పాటు చేసెదను.

3. మొదటి మూడు నెలలలో బడి మానిన బిడ్డల జాబితా వ్రాయించి, ఏడాదిలోగా ప్రతి బిడ్డను బడిలో చేర్చుటకు ఇంటింటికి పోయెదను. నా చేలోను, నా బంధువుల చేలలోను బిడ్డను పనికి పెట్టను, పెట్టనీయను.

4. పదునెనిమిదేండ్లు నిండని బాలిక పెండ్లికి పోను. తెలిసినచో ఆపుటకు యత్నించెదను.

5. మొదటి వేసవిలోగా ఊరి పొలములలోని పనికిరాని బోర్లన్నియు పూడిపించెదను. మందు డబ్బాలకు వేరు స్థలము చూపెదను. బడి నీటిని ఏటేట పరీక్షింపించెదను.

6. పంచాయతి స్వేచ్ఛగ ఖర్చు చేయదగిన సొమ్ములో బిడ్డల పనులకు ఎంత భాగమో ఏటేట గ్రామసభలో ముందుగ చెప్పెదను.

దీనిని నడుపు విధము మన సంఘమునకు క్రొత్తది కాదు. నామినేషనులు ముగిసిన పిమ్మట సభ్యులు కలిసి అభ్యర్థులనందరిని ఒక్క అరుగుమీదికి పిలువవలెను. ఒకరిని పిలిచి మరియొకరిని మానరాదు. పత్రము చదివి వినిపించి, సంతకము చేయువారిచే చేయించి, చేయనివారిని కారణము చెప్పుడని మర్యాదగ అడుగవలెను. గెలిచినవాని పత్రమును గోదాము తలుపునకు అంటింపవలెను. ఏటేట సంఘ వార్షిక సమావేశమున, మన అప్పుల వసూలు చదివిన వెంటనే, దాని వసూలును చదువవలెను. సర్పంచి మంచి పని చేసినచో చప్పట్లు కొట్టుదము. చేయనిచో వాయిదా మీరినదని నోటీసు ఇత్తము. మన మెంత మంచి సభ్యునికైనను ఇచ్చు నోటీసే అది.

జామీను మాట మరువరాదు. పత్రమునకు జామీనుదారులము మనమే. మన చేలలో బిడ్డలు పనిచేయుచుండగా సర్పంచిని సంతకమడుగుట న్యాయము కాదు. అందువలన మొదట మన సభ్యులు తమ సంతకములు చేయవలెనని కోరుచున్నాము. మా వంతుగ మేమొక మాట ఇచ్చుచున్నాము. ఇకమీదట మేము పోయిన ఏ చేనియందైనను బడి వేళ బిడ్డ పనిలో నున్నచో, ఎరువుల మోతాదుతో పాటు ఆ సంగతియు మా దినచర్య పుస్తకమున వ్రాయుదుము. ఆ రైతు మాకెంత ఎరిగినవాడైనను, ఆ ఇంట మాకెంత ఆదరమున్నను, ముందు ఆ బిడ్డ మాట మాటలాడిన పిమ్మటనే పైరు మాట ఎత్తుదుము.

అభ్యర్థులారా, ఓటు లేనివారి పేర పత్రము వ్రాసిన మీకు నష్టము లేదు. వారి తల్లులకు ఓటున్నది. రైతు సోదరులారా, ఈమారు గడపలోనికి వచ్చినవారికి మంచినీరిచ్చి, కూర్చుండబెట్టి, మొదట ఈ కాగితమును చేతికిండు. సంతకము చేసిన పిమ్మట తక్కిన మాటలు మాటలాడుడని వేడుకొనుచున్నాము.